నిలబడి బతికేవాళ్ళ కాళ్ళు

తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రక్తనాళాల సర్జనుగా పనిచేసి ఈ ఏడాది మానేశాను. ఉద్యోగంలో ఎక్కువ భాగం కాళ్ళ మీద ఉబ్బిన నరాలు చూడటంలోనే గడిచింది. నిజానికి అవి నరాలు కావు, సిరలు. పాదాల నుంచి గుండెకు రక్తాన్ని వెనక్కి తీసుకుపోయే గొట్టాలు. కానీ మా వైపు ఎవరూ సిర అనరు. నరం ఉబ్బింది, నరం చుట్టుకుంది, నరం పగిలింది అంటారు. నేనూ అలాగే అనడం అలవాటు చేసుకున్నాను. ఇక్కడా అలాగే రాస్తాను.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న డాక్టర్లకు లేజరు ఎలా వాడాలో నేర్పడానికి మనుషులున్నారు, వీడియోలున్నాయి. కొంచెం చేతి నిదానం ఉంటే అది వచ్చేస్తుంది. దాని ముందూ వెనకా ఉండే పని గురించి ఎవరూ చెప్పరు. నాకు తెలిసినంత చెబుతాను.

వచ్చేవాళ్ళు

బస్సు కండక్టర్లు, ట్రాఫిక్ కానిస్టేబుళ్ళు, బట్టల కొట్లలో చీరలు విప్పి చూపించేవాళ్ళు, నర్సులు, టీచర్లు, వంటవాళ్ళు. పులికాట్ వైపు నుంచి రొయ్యలు ఒలిచే షెడ్లలో పనిచేసే ఆడవాళ్ళు. అలిపిరి దగ్గర బొమ్మలూ కొబ్బరికాయలూ అమ్మేవాళ్ళు. రోజంతా నిలబడటమే వీళ్ళందరి ఉద్యోగం.

కాలి నరాల్లో రక్తం కిందికి జారిపోకుండా చిన్న చిన్న కవాటాలుంటాయి. నడిచేటప్పుడు పిక్క కండ బిగిసి రక్తాన్ని పైకి నెడుతుంది, కవాటం దాన్ని కిందికి రానివ్వదు. నడవకుండా నిలబడితే పిక్క పనిచేయదు, బరువంతా కవాటాల మీద పడుతుంది. ఏళ్ళ తరబడి అలా పడితే అవి చెడతాయి. రక్తం కింద నిలిచిపోయి నరం ఉబ్బుతుంది, చీలమండ దగ్గర చర్మం నల్లబడుతుంది, చివరికి పుండు పడుతుంది. ఆ పుండు మానదు. మానినట్టుండి మళ్ళీ పడుతుంది.

చికిత్స అయిన ప్రతి మనిషీ అడిగే మొదటి ప్రశ్న "సార్, కొండెక్కొచ్చా?" అని. ఎక్కమనే చెప్పేవాణ్ణి. మెట్లు నడిస్తే ఏమీ కాదు. పైకి పోయాక క్యూలో నిలబడటమే చెడ్డది. ఈ మాటకు అందరూ నవ్వేవాళ్ళు. నేను నవ్వించడానికి చెప్పింది కాదు.

కోసి లాగిన కాలం

నేను నేర్చుకునే రోజుల్లో గజ్జల్లో ఒక కోత, చీలమండ దగ్గర ఒక కోత పెట్టి, నరంలోకి తీగ దూర్చి మొత్తం లాగేసేవాళ్ళం. తొడ పొడుగునా నెత్తురు కమిలి నల్లగా అయ్యేది. మనిషి వారాల తరబడి కుంటేవాడు. అది చెడ్డ ఆపరేషన్ కాదు. చాలామందికి మేలు చేసింది. కానీ కూలికి పోయే మనిషి అన్నాళ్ళు మంచం మీద ఉండలేక, పుండుతోనే బతకడం నయమనుకొని ఇంటికి పోయేవాడు.

తర్వాత లేజరు వచ్చింది. మోకాలి దగ్గర ఒక సూది, అందులోంచి సన్నని తీగ. స్కానులో చూస్తూ దాన్ని నరంలోకి పంపి, చుట్టూ మత్తు నీళ్ళు నింపి, వేడితో నరాన్ని లోపలే మూసేస్తాం. మనిషి మెలకువగా ఉండి మాట్లాడుతూ ఉంటాడు, అదే రోజు నడిచి ఇంటికి పోతాడు. ఇంకా తర్వాత నరాన్ని జిగురుతో అతికించడం వచ్చింది, మందును నురగ చేసి చిన్న నరాల్లోకి ఎక్కించడం వచ్చింది. వీటిలో ఏది గొప్పది అని అడుగుతుంటారు. లావు నరం తిన్నగా ఉంటే లేజరు బాగుంటుంది. వంకర్లు తిరిగిన చిన్న వాటికి, పుండు కింద దాక్కున్న వాటికి నురగ బాగుంటుంది. జిగురు సుఖమే గానీ ఖరీదు, కొందరి ఒంటికి పడదు. గొప్పతనం పరికరంలో లేదు. ఏ కాలికి ఏది, ఏ కాలికి ఏదీ వద్దు అని తెలుసుకోవడమే అసలు పని.

ఏదీ వద్దనే మాట చెప్పడం కష్టం. మా ఆసుపత్రి పెద్దాయన మంచి సర్జను, మాటకారి. లేజరు యంత్రం కొన్న కొత్తలో ఒక టీచరు వచ్చింది. మోకాలి వెనక సన్నని నీలం గీతలు తప్ప ఆమెకు ఏ బాధా లేదు. పెద్దాయన లేజరుకు తేదీ ఇవ్వబోయాడు. స్కాను డాక్టరు సులోచన ఒప్పుకోలేదు.

"కవాటాలన్నీ బాగున్నాయి సార్. చేసేదానికి ఏముంది?"

"అంత మెషినూ కొనింది గుడ్డ కప్పి పెట్టేదానికా తల్లీ?"

"అట్లని బాగుండే నరాన్ని కాలుస్తామా? గుడ్డ కావాలంటే నేను కుట్టిస్తా."

పెద్దాయన నవ్వేశాడు, టీచరు ఇంటికి పోయింది. ఆయన చెడ్డవాడు కాదు. యంత్రం ఇంట్లో ఉంటే చేతులు ఊరుకోవు, అంతే. మీ చేతులూ ఊరుకోవు.

సులోచన నా భార్య. మేమిద్దరం ఒకే ఆసుపత్రిలో, పక్క పక్క గదుల్లో పనిచేశాం. ఆమె పోయి రెండేళ్ళయింది.

నిలబెట్టి చూడటం

పడుకున్న మనిషి కాలికి స్కాను చేస్తే సగం జబ్బు కనపడదు. సులోచన ప్రతి మనిషినీ చిన్న చెక్క బల్ల మీద నిలబెట్టి, తను కింద స్టూలు మీద కూర్చొని చూసేది. లోతు నరాలు తెరుచుకొని ఉన్నాయా అని ముందు చూసేది. అక్కడ పాత నెత్తురు గడ్డ ఉంటే, పైన ఉబ్బిన నరమే రక్తానికి మిగిలిన దారి కావచ్చు. దాన్ని మూస్తే కాలు స్తంభంలా వాస్తుంది. అలాంటి నరాలు వేరేచోట మూయించుకొని కొందరు మా దగ్గరికి వచ్చినప్పుడు మేం చేయగలిగింది ఎక్కువేమీ ఉండేది కాదు. పాదం మీద నాడి కొట్టుకుంటోందో లేదో చేత్తో చూడటం నా వంతు. ఆ నాడి లేని కాలికి గట్టి కట్టు కడితే కాలికే ముప్పు.

పాతిక నిమిషాల పనికి ఇంత చూడటం ఎందుకని కుర్ర డాక్టర్లు విసుక్కునేవాళ్ళు. ఒక కాలు చెడితే వాళ్ళకే తెలుస్తుంది. కానీ అప్పటికి ఆ కాలు వాళ్ళది కాదు గదా.

మునిరత్నం

నాయుడుపేట దగ్గర హైవే మీద ఒక హోటల్లో దోస మాస్టరు మునిరత్నం. నలభై దాటిన మనిషి. ఆ హోటల్లో పెనం వంటింట్లో ఉండదు. ముందరే, నిలువెత్తు అద్దం వెనక ఉంటుంది. కార్లు దిగినవాళ్ళు దోస పోయడం చూస్తూ లోపలికి వస్తారు. ఆ అద్దం వెనక అతడు తెల్లవారుజాము నుంచి పొద్దు గూకేదాకా నిలబడేవాడు. ఎడమ కాలి చీలమండ లోపలివైపు మూడేళ్ళుగా పుండు. పసరు, పౌడరు, ఆయింట్‌మెంటు అన్నీ అయ్యాక మా దగ్గరికి వచ్చాడు. తీసుకొచ్చింది అతని భార్య కస్తూరి.

"ఈయనకి పెనం మీద ఉండే పానం కాలు మీద ల్యా సార్," అంది. "ఓటలాయన తరిమితే గానీ రాల్యా."

హోటలు యజమాని పుండు మానేదాకా రావద్దన్నాడట. మానకపోతే వేరే మాస్టర్ని పెట్టుకుంటానన్నాడట. మునిరత్నానికి పుండు కంటే ఆ మాట ఎక్కువ నొప్పి.

"ఆ పెనం నేను పదును చేసింది సార్. కొత్తోడు వస్తే వారంలో మాడబెడతాడు," అన్నాడు.

నాడి బాగుంది. లోతు నరాలు బాగున్నాయి. తొడ లోపలి పెద్ద నరంలో కవాటాలు గజ్జ దాకా చెడిపోయి ఉన్నాయి. పుండు కింద చిన్న నరాలు గుంపుగా ఉన్నాయి. లేజరుకు ఇంతకంటే తగిన కాలు దొరకదు. పెద్ద నరాన్ని లేజరుతో మూశాను, కింద ఉన్నవాటికి నురగ ఎక్కించాను. చేస్తున్నంతసేపూ అతడు కందిపప్పు చట్నీ ఎలా చేయాలో నర్సుకు చెబుతూనే ఉన్నాడు. చివర్లో కాలును నొక్కిపట్టే మేజోడు, అందరూ సాక్సు అనేది, మోకాలి దాకా తొడిగి ఇంటికి పంపాం. రోజూ వేసుకోమని నేను చెప్పాను. నా కింద పనిచేసే కుర్ర సర్జనూ చెప్పాడు, నర్సూ చెప్పింది.

ఇంట్లో ఉన్నన్నాళ్ళూ పుండు తగ్గుతూ వచ్చింది. పైన పక్కు కట్టింది. యజమాని రానిచ్చాడు. మళ్ళీ పెనం దగ్గర నిలబడ్డాక పక్కు ఊడింది, తడి మొదలైంది. రూపాయి బిళ్ళంత పుండు నెలకల్లా అరచేతిలో సగమైంది.

కుర్ర సర్జను మరోసారి లేజరు చేద్దామన్నాడు. స్కానులో మేం మూసిన నరం చక్కగా మూసుకునే ఉంది. చక్కెర జబ్బు లేదు. బీడీ తాగడు. కారణం దొరకలేదు. ఆ వారమే యజమాని మరో మాస్టర్ని పిలిపించాడు. ఈ నెలాఖరు దాకా చూస్తాను, ఆ తర్వాత నీ దారి నువ్వు చూసుకో అన్నాడు.

అడగని ప్రశ్న

కాలికి రాసిన జెల్ తుడుస్తూ సులోచన అడిగింది.

"సాక్సు వేసుకుంటా ఉండావా అప్పా?"

"ఒగ దినం గూడా తప్పల్యామ్మా."

"ఎప్పుడు వేసుకుంటావు?"

"పని నుంచి వస్తానే. కాళ్ళు కడుక్కోని, తుడుసుకోని, ఏసుకోని పండుకుంటా. తెల్లారి లేసి తీసి మడిసి పెడతా."

"నిద్దట్లో జారితే నన్ను లేపి సరి చేయిస్తాడమ్మా," అంది కస్తూరి. "కొత్త పెండ్లికొడుకు మాదిరి."

సులోచన నవ్వలేదు. "మరి పనిలో?"

మునిరత్నం ఆమెను అడగకూడనిది అడిగినట్టు చూశాడు.

"పెనం కాడనా? సాక్సుతోనా?"

తర్వాత విడమరిచి చెప్పాడు. పొద్దున పొయ్యి వెలిగించే ముందు కాళ్ళు కడుక్కొని, పెనం అంచుకు పసుపూ కుంకుమా పెట్టి, కర్పూరం వెలిగిస్తాడు. మొదటి దోస ఎవరికీ పెట్టరు, గోడ మీద కాకికి వేస్తారు. ఆ పొయ్యి ముందు చెప్పులుండవు. అతనికి పని నేర్పిన మాస్టరు పెట్టిన కట్టడి అది. చెప్పుల లోపల వేసుకునేది కాబట్టి సాక్సూ చెప్పు కిందే లెక్క.

"గుళ్ళోకి ఏసుకోని పోతామామ్మా?" అన్నాడు.

పడుకున్నప్పుడు కాలికి ఏ సాయమూ అక్కర్లేదు. అప్పుడంతా సాక్సు ఉంది. పొద్దస్తమానం నిలబడినప్పుడు కాలు ఖాళీగా ఉంది. మా మాట అతడు తు.చ. తప్పకుండా పాటించాడు. ఎప్పుడు వేసుకోవాలో చెప్పనవసరం లేదని మేం ముగ్గురం అనుకున్నాం.

కుర్ర సర్జనుకు కోపం వచ్చింది. "ఇది మూఢనమ్మకం, మానెయ్యమని గట్టిగా చెప్పండి మేడం," అన్నాడు.

"నువ్వు ఆపరేషన్ థియేటర్లోకి బయటి చెప్పులేసుకోని పోతావా నాయనా?" అంది సులోచన.

"అది క్రిములకు మేడం."

"అతనికి అదీ థియేటరే." మునిరత్నం వైపు తిరిగింది. "సాక్సు వద్దులే అప్పా. కట్టు కడితే?"

"కట్టు పుండుకు గదమ్మా," అన్నాడు వెంటనే. "దానికేం దోసం? దెబ్బ తగిలిన కాలికి కట్టు లేకుంటే ఎట్ల?"

దాంతో చిక్కు వీడింది. పాదం వేళ్ళ మొదలు నుంచి మోకాలి కింది దాకా, కింద గట్టిగా, పైకి పోయేకొద్దీ కొంచెం వదులుగా, పొరల మీద పొరలుగా కట్టు. మంచం దిగకముందే, కాలు వాయకముందే కట్టాలి. కట్టాల్సింది కస్తూరి. నేర్పడానికి సులోచన నన్ను కూర్చోబెట్టి నా కాలు కస్తూరి ముందు పెట్టించింది.

"సార్ కాలు ఎంత తెల్లగా ఉండాదో సూడు," అంది కస్తూరి భర్తతో. "ఎండ మొగమే సూసినట్టు ల్యా." ఆమె మొదటిసారి కట్టిన కట్టుకు నా వేళ్ళు నీలంగా మారాయి. మూడోసారికి కుదిరింది.

పిక్క పనిచేయడానికి సులోచన ఇంకొకటి చెప్పింది. దోస పోసిన ప్రతిసారీ మడమలెత్తి వేళ్ళ మీద లేచి దిగమంది. రోజుకు ఎన్ని దోసలు పోస్తాడో అన్నిసార్లు పిక్క బిగుస్తుంది.

యజమాని

ఆ ఆదివారం మేమిద్దరం నాయుడుపేట పోయాం. డాక్టరు చేయాల్సిన పని కాదని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపించింది. సులోచన కారెక్కి కూర్చుంది కాబట్టి పోయాను.

యజమాని మమ్మల్ని కూర్చోబెట్టి కాఫీ ఇప్పించాడు. "నాకు మాత్రం ఇష్టమా సార్? ఈడు దోస పోస్తే సెన్నై పోయే కారు గూడా నిలబడతాది. కానీ అద్దం కాడ కాలు నుంచి నీళ్ళు కారతా ఉంటే ఎవురు తింటారు? ఒగ ఆడమనిషి చూసి, పిల్లకాయల్ని లేపుకోని పోయింది."

ఆ మాట తప్పు కాదు.

"అద్దం కింద సగానికి రంగు కాయితం అంటియ్యి అన్నా," అంది సులోచన. "చెయ్యి కనపడితే సాలు గదా, కాలెందుకు? మాంచి కట్టు కట్టిస్తాం, తడి బయటికి రాదు. ఒక పూట పనియ్యి. ఇంగో పూట కొత్తాయన పోస్తాడు."

యజమాని అద్దం వైపు చూసి, "పుండు పెద్దదయిందంటే మళ్ళా నన్ను అడగొద్దు తల్లీ," అన్నాడు.

మామిడి పూత మీద ఉండగా కట్టు మొదలుపెట్టాం. కాయలు మండీలకు వచ్చేసరికి పుండు మానింది. చర్మం పలచగా, మెరుస్తూ, నల్లగా ఉంది. అలాంటి చర్మాన్ని మానిన చర్మం అని నేను ఎప్పుడూ అనలేదు. మీరూ అనకండి. "పూర్తిగా నయం" అని గోడ మీద రాసుకున్నచోట పనిచేయకండి. మనం మూసేది ఒక నరాన్ని. నిలబడే ఉద్యోగాన్ని కాదు.

పెనం అతనికి ఒక పూటే దక్కింది, పొద్దుటి పూట. సాయంత్రం కొత్త మాస్టరుది. మాడబెడుతున్నాడని మునిరత్నం వచ్చినప్పుడల్లా ఫిర్యాదు చేసేవాడు. పుండు మళ్ళీ పడకపోయేసరికి రావడం మానేశాడు.

సోమవారం

సులోచన జబ్బుపడింది. ఆ సంవత్సరం గురించి ఇక్కడ రాయను. ఆమె పోయాక నేను పనికి పోతూనే ఉన్నాను. పక్క గదిలోకి వేరే డాక్టరు వచ్చింది. తెలివైన పిల్ల, ఆమె కూడా నిలబెట్టే చూసేది.

మానేయడానికి నెల ముందు చెన్నై నుంచి వస్తూ నాయుడుపేటలో ఆగాను. అద్దం వెనక మునిరత్నం ఉన్నాడు. పిండి తిప్పుతూ మడమలెత్తుతున్నాడు, దించుతున్నాడు. బయట నిలబడిన లారీ డ్రైవరు ఒకడు, "ఏమబ్బా మాస్టరూ, డాన్సు గూడా నేర్సుకుంటివే?" అన్నాడు.

"నువ్వు దోస తిను, టిక్కెట్టు అడగల్యా గదా," అన్నాడు మునిరత్నం తలెత్తకుండా.

నేను లోపలికి పోయి రంగు కాగితం వెనక అతని కాలు చూశాను. కట్టు శుభ్రంగా ఉంది. చీలమండ దగ్గర మాత్రం గోరంత పసుపు మరక. ఎప్పటి నుంచి అని అడిగాను. మొన్నటి నుంచి అన్నాడు. రేపు రమ్మన్నాను.

"రేపు ఆదివారం సార్, పెనం వదిలితే ఓటలాయన ఆ కొత్తోణ్ణి నిలబెడతాడు. సోమారం వస్తా."

ఇలా చెప్పినవాళ్ళలో చాలామంది రారు. పుండు పెద్దదయ్యాక, వాసన వచ్చాక, పని పోయాక వస్తారు. నేను దోస తిని వచ్చేశాను.

సోమవారం వచ్చాడు. కస్తూరి కూడా వచ్చింది. స్కాను గది తలుపు దగ్గర ఆగి, లోపల కొత్త మనిషిని చూసి, "అమ్మ యాడ సార్?" అన్నాడు.

చెప్పాను.

కస్తూరి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "మాకొక మాట చెప్పకపోతిరే," అంది. మునిరత్నం బల్ల ఎక్కి నిలబడి, వంగి, తనే కట్టు విప్పడం మొదలుపెట్టాడు.

పుండు ఆవగింజంత ఉంది. దాని కింద ఒక చిన్న నరం కొత్తగా తెరుచుకుంది. నురగ ఎక్కించాను. మళ్ళీ కట్టు కస్తూరే కట్టింది. ఈసారి ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది.

"మళ్ళా వస్తాదా సార్?" అన్నాడు మునిరత్నం.

"రావచ్చు. వచ్చే నెల నుంచి నేనుండను. మానేస్తున్నాను."

"అమ్మ పాయ. నువ్వూ పోతా ఉండావు," అంది కస్తూరి. "ఇంగ ఎవురికి సూపించేది?"

మునిరత్నం బల్ల దిగి, కాలు నేలకు ఆనించి చూసుకున్నాడు.

"ఎవురుంటే వాళ్ళకి సూపిస్తాం లేవే. కాలు మనది గదా."

నేను వదిలిన గదిలో ఇప్పుడు కూర్చునేది మీలో ఒకరు.